మేకు లేని సొరంగం

మేస్త్రికి ఇనుమంటే గిట్టదు. అలాగని ఆయన రంపం, ఉలి ముట్టుకోడని కాదు. అవి పని చేసే ఇనుము. పని అయ్యాక వస్తువులో మిగిలిపోయే ఇనుమంటేనే ఆయనకు ఒళ్ళుమంట. ఒక చెక్క చివర కుసి చెక్కి, రెండో చెక్కలో దానికి సరిపడా బెజ్జం తొలిచి, రెండింటినీ కలిపి పక్కనుంచి ఒక కొయ్యచీల దిగ్గొడితే, ఆ కుర్చీ మీద ఏనుగు కూర్చున్నా కిక్కురుమనదని ఆయన ధీమా. ఏనుగు ఎప్పుడూ వచ్చి కూర్చోలేదు కాబట్టి ఆ మాట ఇంతవరకు అబద్ధం కాలేదు. వీధిలోవాళ్ళు ఆయనను 'మేకుల్లేని మేస్త్రి' అనేవారు. మొదట్లో అది వెటకారమే. ఆయన దాన్ని బిరుదులా పుచ్చుకుని మురిసిపోతుంటే, అనేవాళ్ళకే విసుగొచ్చి వట్టి మేస్త్రి అనడం మొదలుపెట్టారు.

ఆ బిరుదే యాభై ఆరో ఏట ఆయనను ఎలుకల దగ్గరికి తీసుకెళ్ళింది.

ఒక మధ్యాహ్నం ఎవరో ఒకావిడ దుకాణంలోకి వచ్చి, పలకరింపు కూడా లేకుండా అమ్మకానికి పెట్టిన స్టూలును తలకిందులు చేసింది.

"ఇందులో మేకులెక్కడున్నాయండీ?"

"లేవమ్మా."

"పోనీ స్క్రూలు?"

"మా ఇంటా వంటా లేవు."

ఆవిడ సంచిలోంచి ఒక అయస్కాంతం తీసి స్టూలు నాలుగు కాళ్ళకూ తిప్పింది. అది ఎక్కడా పట్టుకోలేదు. ఆవిడ ముఖం వెలిగిపోయింది. స్టూలు బేరానికి అయస్కాంతం వెంటేసుకొచ్చిన మనిషిని చూడటం మేస్త్రికి అదే మొదలు.

ఆవిడ డాక్టరమ్మ. మందులిచ్చే డాక్టరు కాదు, పరిశోధన చేసే డాక్టరు. పెద్దాసుపత్రి వెనక భవనంలో, నేలమాళిగలో ఆవిడ పని. ఆవిడ పేషెంట్లు ఎలుకలు.

"స్కిజోఫ్రేనియా అని ఒక జబ్బుందండీ" అని ఆవిడ చెప్పడం మొదలుపెట్టేసరికి, మేస్త్రి చేతిలో చిత్రిక ఆగిపోయింది. ముప్పై ఎనిమిదేళ్ళుగా ఆ పేరు ఆయన ఇంట్లో మనిషిలా తిరుగుతోంది. అయినా ఆ సంగతి పైకి చెప్పలేదు. ఆవిడ చెప్పుకుపోయింది. "ఎలుకలకి ఆ జబ్బు రాదు. కానీ తల్లి కడుపుతో ఉన్నప్పుడు ఒక మందిస్తే, పుట్టిన పిల్లల మెదడు పెద్దయ్యాక కొన్ని చోట్ల ఆ జబ్బులాగే దారి తప్పుతుంది. వాటినీ, మామూలువాటినీ స్కానింగు యంత్రంలో పెట్టి, మెదడులో ఏ మూల రక్తం ఎక్కువ పారుతోందో, ఏ మూల తక్కువో బొమ్మ తీస్తాం. చిక్కేంటంటే, మత్తిచ్చి పడుకోబెడితే మత్తు బొమ్మ వస్తుంది. మెలకువగా పెడితే ఆ చప్పుడుకి హడలిపోతాయి, భయం బొమ్మ వస్తుంది. నాకు ఆ రెండూ వద్దు."

అందుకని ఎలుకలకు ముందుగా అలవాటు చేయాలి. అచ్చం యంత్రంలాంటి ఒక చిన్న సొరంగం కావాలి. అందులో రోజూ కాసేపు పడుకోబెట్టి, యంత్రం చప్పుడును రికార్డులోంచి వినిపించాలి. అది యంత్రం పక్కనే ఉండాలి, ఆ యంత్రమేమో పెద్ద అయస్కాంతం. చుట్టుపక్కల చిన్న మేకున్నా లాక్కుపోతుంది. ప్లాస్టిక్‌తో చేయించినవి రెండు వారాల్లో పగిలాయట.

"ఎలుకలు కొరికేస్తే?" అన్నాడు మేస్త్రి.

"కొరుకుతాయి."

"కొరకనీయండి. మళ్ళీ చేస్తా" అన్నాడాయన. ఆ మాట ఎందుకంత తొందరగా వచ్చిందో ఆయనకు మాత్రమే తెలుసు.

కొలతలకు వెళ్ళిన రోజున, నేల మీద ఎర్ర గీత దగ్గర ఆయనను ఆపేశారు. గడియారం, తాళాలు, బెల్టు, చివరికి చెవి వెనకున్న పెన్సిలు కూడా పళ్ళెంలో పెట్టించారు. పెన్సిలు మెడకు రేకు పట్టీ ఉందట. ముప్పై ఏళ్ళలో చెవి వెనక పెన్సిలు లేకుండా మేస్త్రి కొలత తీసుకోవడం అదే మొదటిసారి. బట్టల్లేనట్టు ఉందని ఇంటికొచ్చి భార్యతో చెప్పుకున్నాడు.

ఇంట్లో ఉండేది ముగ్గురు. మేస్త్రి, ఆయన భార్య, ఆయన అక్క. అక్క ఆయనకంటే నాలుగేళ్ళు పెద్ద. ఇరవై రెండో ఏట ఆమెకు లేని గొంతులు వినిపించడం మొదలైంది. ఆమె వాటిని 'వాళ్ళు' అంటుంది, పక్క వాటాలో అద్దెకున్నవాళ్ళ గురించి చెప్పినట్టు. ఇవాళ వాళ్ళు పొద్దున్నే మొదలుపెట్టారంటుంది, నిన్న కాస్త నయమంటుంది. మందులు వేసుకుంటుంది, దుకాణం వెనక గదిలో కూర్చుని తమ్ముడు చేసిన చెక్కపనికి గరుకు కాగితం పడుతుంది. ఆమె అరచేతికి దొరకని గరుకు లేదు. మేస్త్రి కళ్ళకు నున్నగా కనిపించిన బల్ల మీద ఆమె చెయ్యి ఆగిందంటే, అక్కడ ఏదో ఉన్నట్టే. మేస్త్రి కుర్చీలకు వచ్చిన పేరులో సగం ఆమెదేనని ఆయనే అందరికీ చెప్తాడు. మధ్యాహ్నం ముగ్గురూ పని బల్ల మీదే పొట్టు ఊదేసి భోజనం చేస్తారు. ఎవరైనా చూస్తే, ఈ ఇంట్లో ఏం లోటుందని అనుకునేట్టుగా ఉంటుంది ఆ భోజనం. నిజానికి పెద్ద లోటేమీ లేదు కూడా.

అయితే దుకాణం దాటి ఇంట్లోకి వెళ్తే చప్పుడుండదు. చాలా ఏళ్ళ కిందట గాలికి తలుపు ధడాలున కొట్టుకుంటే, అక్క రెండు రోజులు మంచం కిందినుంచి బయటికి రాలేదు. ఆ రోజే మేస్త్రి ఒట్టేసుకున్నాడు. తలుపుల అంచులకు గుడ్డ అంటించాడు. గోడ గడియారాన్ని దుకాణానికి తెచ్చేశాడు. రేడియో ఎవరికో ఇచ్చేశాడు. కుర్చీల కాళ్ళకు రబ్బరు ముక్కలు వేశాడు. ఆ రబ్బరు జిగురుతో నిలవలేదు, కొయ్యచీలతో నిలవలేదు. చివరికి పళ్ళు కొరుక్కుంటూ చిన్న మేకులు కొట్టాడు. మేకుల్లేని మేస్త్రి ఇంట్లో మేకులున్నది అక్కడే. ఆ సంగతి వీధిలో తెలియకుండా భార్య చేత కూడా ఒట్టు వేయించుకున్నాడు. ఆవిడ మిక్సీ తిప్పాలంటే అక్క వాహ్యాళికి వెళ్ళాక, పెరట్లోకి వెళ్ళి తిప్పుతుంది; మిక్సీ ఉండేది అక్కడే. "మన ఇంట్లో దొంగలు పడితే, వాళ్ళ చప్పుడుకి మనమే ఉలిక్కిపడాలి" అని ఆవిడ దెప్పుతూ ఉంటుంది.

ఆ ఏడు ఒక కొత్త చిక్కు వచ్చింది. అక్క పాత మందు పట్టు తప్పింది. రెండుసార్లు నిలబడినచోటే కూలబడి, కాసేపు మాట పలకలేదు. ఆమెకు వైద్యం చేసే పెద్ద డాక్టరు కొత్త మందుకు మార్చాలన్నాడు గానీ, తలకు స్కానింగు తీయించి, లోపల ఇంకేమీ లేదని చూస్తే తప్ప అది మొదలుపెట్టనన్నాడు. మత్తు ఆమె ఊపిరికి పడదు కాబట్టి మెలకువగానే కదలకుండా ఇరవై నిమిషాలు పడుకోవాలి. మొదటిసారి చప్పుడు మొదలవగానే అక్క లేచి, చెప్పులు కూడా వేసుకోకుండా వీధిలోకొచ్చేసింది. రెండోసారి మేస్త్రి పక్కనే నిలబడి చెయ్యి పట్టుకున్నాడు. ఆ చేతిని విదిలించుకుని మరీ వచ్చేసింది. మూడోసారికి రెండు నెలల గడువిచ్చారు. ఈలోపు ఏ మెట్ల మీద కూలబడుతుందోనని మేస్త్రికి కునుకు పట్టేది కాదు.

ఎలుకల సొరంగం చేసింది ఆ రోజుల్లోనే. గట్టి కొయ్యతో రెండు పొరలుగా చేశాడు. లోపలి పొరను అక్క మూడు రోజులు నున్న చేసింది.

"ఒరేయ్ తమ్ముడూ, వాటిక్కూడా వాళ్ళు వినపడతారంటావా?"

మేస్త్రి ఆ ప్రశ్న మోసుకెళ్ళి డాక్టరమ్మనడిగాడు. ఆవిడ "తెలీదండీ. అడగడానికి వాటికి మాటలు రావుగా" అంది. ఆ జవాబు అక్కకు నచ్చింది. తెలియదని చెప్పిన డాక్టరును ఆమె అంతవరకు చూడలేదట.

సొరంగం మూత వేసేముందు, అక్క వాహ్యాళికి వెళ్ళిన వేళ చూసి, మేస్త్రి దుకాణంలోనే రికార్డు పెట్టి వినిపించి చూశాడు. ధన్ ధన్ ధన్ మని తల పగిలేలా ఉంది. ఇంత చప్పుడులో ఇంతింత ప్రాణాలను పడుకోబెడతారా అనుకున్నాడు. ఎవరూ అడగలేదు, ఎవరికీ చెప్పలేదు. రెండు పొరల మధ్య మందపాటి ఉన్ని పరిచి, కొయ్యచీలలు దిగ్గొట్టి మూసేశాడు. ఇప్పుడు చప్పుడు ఎక్కడో పక్కవీధిలో బట్టలు ఉతుకుతున్నట్టు వినిపించింది.

ఎలుకలకు ఆ సొరంగం ఎంత నచ్చిందంటే మూడో రోజుకల్లా అందులో నిద్రపోయాయి. డాక్టరమ్మ సంబరం అంతా ఇంతా కాదు. మేస్త్రిని పిలిచి చూపించింది. ఆయన కూడా మీసం మెలేశాడు.

తీరా అసలు యంత్రంలో పెట్టిన రోజున కథ అడ్డం తిరిగింది. బొమ్మలు వచ్చాయి. రక్తం ఎక్కువ పారిన చోట ఎరుపు, తక్కువైన చోట నీలం. ప్రతి ఎలుక తలా ఎర్రగా మండిపోతోంది. జబ్బు చేసినవీ, మామూలువీ అన్నీ ఒక్కలాగే ఉన్నాయి.

"ఇది జబ్బు కాదు మేస్త్రిగారూ, ఉత్త భయం" అంది డాక్టరమ్మ. "సొరంగంలో నిద్రపోయినవి ఇక్కడెందుకు హడలిపోయాయో అర్థం కావట్లేదు. నేనే ఎక్కడో పప్పులో కాలేశాను."

ఆవిడ యంత్రాన్ని అనుమానించింది, ఎలుకలను అనుమానించింది, తన దగ్గర పనిచేస్తూ ఎలుకలకు కదలకుండా పట్టీలు కట్టే పిల్లను మందలించింది కూడా. మేస్త్రి పళ్ళెంలోంచి పెన్సిలు తీసుకుని ఇంటికొచ్చేశాడు. ఉన్ని సంగతి భూమ్మీద ఇంకెవరికీ తెలియదు. రెండు పొరల మధ్యకు తొంగిచూసేవాడెవడు? రెండు రోజులు ఆయనకు ముద్ద దిగలేదు. ఆయన మంచితనం ఆయన గొంతుకే అడ్డం పడింది. అలాంటివాళ్ళకు అదే శిక్ష. మూడో రోజు పొద్దున్నే కొయ్యసుత్తి పట్టుకుని నేలమాళిగకు వెళ్ళాడు. డాక్టరమ్మ చూస్తుండగా చీలలు వెనక్కి కొట్టి, పై పొర లేపి, ఉన్ని బయటికి లాగాడు.

"తప్పు ఇక్కడుందమ్మా. ఆ పిల్లనేం అనకండి."

డాక్టరమ్మ ఆ ఉన్నిని చేతిలోకి తీసుకుంది. "ఎందుకు పెట్టారండీ?"

"పాపం అనిపించింది."

ఆవిడ స్టూలు మీద కూలబడింది. నాలుగు నెలల శ్రమ. అరుస్తుందనుకున్నాడు. అరిచినా బాగుండేది. ఆవిడ ఉన్నిని వేళ్ళతో విడదీస్తూ అంది. "అవి మెత్తటి చప్పుడు నేర్చుకున్నాయి. అసలు చప్పుడు వాటికి ఎవరూ చెప్పలేదు. పాపం, మనం వాటిని మోసం చేశాం."

మోసం అన్న మాట మేస్త్రికి సూటిగా తగిలింది.

"ఇంకా యంత్రం చూడనివి పదహారు ఎలుకలున్నాయి" అంది ఆవిడ లేస్తూ. "ఈసారి మీరే దగ్గరుండండి. మళ్ళీ జాలి పుడితే బయటికెళ్ళి గాలి పీల్చుకుని రండి."

ఆయన ఉన్ని లేకుండా సొరంగం మళ్ళీ బిగించాడు. మొదటి రోజు చిన్న చప్పుడు, రెండంటే రెండు నిమిషాలు. ఎలుకలు గింజుకున్నాయి. మేస్త్రి మూడుసార్లు గాలి పీల్చుకోవడానికి వెళ్ళాడు. మర్నాడు కాస్త పెంచారు, ఆ మర్నాడు ఇంకాస్త. బయటికి తీసిన ప్రతిసారీ అరచేతిలో కాసేపు పెట్టుకుని వదిలేవారు. నాలుగో రోజు ఒక లావుపాటి ఎలుక గింజుకోవడం మానేసి, ఏదో లెక్కలు వేసుకుంటున్నట్టు కళ్ళు మిటకరించింది. దానికి మేస్త్రి పెద్దమనిషి అని పేరు పెట్టాడు. ఎనిమిదో రోజుకు చప్పుడు పూర్తిగా పెట్టినా, పెద్దమనిషి తాపీగా మీసాలు నిమురుకుంటోంది.

ఈసారి బొమ్మలు వేరుగా వచ్చాయి. మామూలు ఎలుకల తలలు ప్రశాంతంగా నీలంగా ఉన్నాయి. మిగతావాటిలో లోపల ఒక్క మూల మాత్రం ఎర్రగా, వద్దన్నా ఆరని దీపంలా ఉంది. డాక్టరమ్మ ఆ మూలను వేలితో చూపించింది. మేస్త్రి ఆ ఎర్రటి మూలనే చూశాడు. ఆయనకు అక్క గుర్తొచ్చింది. ఆ మూలను ఇన్నేళ్ళుగా తలలో మోస్తూ బల్లలు నున్న చేసిందా అనుకున్నాడు. ఆమె మీద ఎప్పుడూ ఉన్న ప్రేమ కాక, కొత్తగా గౌరవం కలిగింది. ఇంటి సంగతి డాక్టరమ్మకు అప్పుడు చెప్పాడు, స్కానింగుకు ఇంకా మూడు వారాలే ఉందని కూడా చెప్పాడు.

ఆవిడ యంత్రం చప్పుడు రికార్డునూ, స్పీకరునూ చేతిలో పెట్టి పంపింది.

మేస్త్రి నాలుగు రోజుల్లో మనిషి పట్టే సొరంగం చేశాడు. పొరల్లేవు, ఉన్ని లేదు. లోపల అక్కే గరుకు కాగితం పట్టింది.

"బాగుంది వరస. ఆడపడుచుని ఎలుకని చేశారు" అంది భార్య.

"నా జట్టే కదే మరదలా అవి. ఎనిమిది రోజుల్లో నేర్చుకున్నాయట. వాటికంటే తీసిపోయానా?" అంటూ అక్క బల్ల మీద పడుకుని లోపలికి జరిగింది.

చప్పుడు మొదలైంది. సొరంగంలో అక్క పాదాలు బిగుసుకున్నాయి. బొటనవేళ్ళు వణికాయి. మేస్త్రి చెయ్యి దానంతటదే స్పీకరు మీదికి వెళ్ళింది. తగ్గిస్తే చాలు, ఆ వేళ్ళు సర్దుకుంటాయి. భార్య ఆ చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"ఏవండీ. బయటికెళ్ళి గాలి పీల్చుకుని రండి."

ఆయన వెళ్ళాడు. వీధిలో నిలబడి, యాభై ఆరేళ్ళ మనిషి, కళ్ళు తుడుచుకున్నాడు. లోపలికొచ్చేసరికి రెండు నిమిషాలూ అయిపోయి, అక్క బల్ల మీద కూర్చుని మంచినీళ్ళు తాగుతోంది. రేపు మూడు నిమిషాలు పెట్టమంది. ఆ తర్వాత ఒక రోజు పది నిమిషాలకే లేచి వచ్చేసింది, ఒక రోజు అసలు పడుకోనని ససేమిరా అంది. మరో రోజు ఇరవై నిమిషాలయ్యాక పిలిస్తే పలకలేదు. కంగారుపడి తొంగిచూస్తే, మీసాలు లేవు గానీ, మొహం మాత్రం అచ్చం ఆ పెద్దమనిషి ఎలుకలాగే తాపీగా ఉంది.

స్కానింగు రోజున మేస్త్రి బయట బెంచీ మీద కూర్చున్నాడు. తలుపు వెనక యంత్రం ధన్ ధన్ మంటోంది. ఆయన చూపు తలుపు పిడి మీదే ఉంది. ఐదు నిమిషాలకు అది తిరగలేదు. పది నిమిషాలకూ తిరగలేదు. చప్పుడు ఆగి, మారి, మళ్ళీ మొదలైంది. భార్య ఆయన మోకాలి మీద చెయ్యి వేసి ఉంచింది, ఎందుకంటే ఆ మోకాలు ఆడే ఊపుకు బెంచీ కదులుతోంది. చివరికి తలుపు తెరుచుకుని అక్క చెప్పులు వేసుకుని మరీ బయటికొచ్చింది. జుట్టంతా రేగి ఉంది.

"అప్పుడే అయిపోయిందట" అంది.

వారానికి ఫలితం వచ్చింది. భయపడాల్సిందేమీ లేదు. కొత్త మందు మొదలుపెట్టారు. ఆ మధ్యాహ్నం పని బల్ల దగ్గర భోజనం చేస్తూ మేస్త్రి మెల్లిగా అడిగాడు.

"ఆ రోజు వాళ్ళు లోపలికొచ్చారా అక్కా?"

"రాలేదురా. ఆ చప్పుడులో వాళ్ళ మాట ఎవరికి వినపడుతుంది? మొదటి రెండుసార్లూ ఆ చప్పుడే కొత్త, హడలిపోయాను. అలవాటయ్యాక తెలిసింది, హాయిగా ఉందని." ఆమె చెయ్యి కడుక్కుని వచ్చి కూర్చుంది. "మన ఇల్లు మరీ నిశ్శబ్దంరా తమ్ముడూ. ఈ ఇంట్లో నోరెత్తేది వాళ్ళొక్కళ్ళే."

"మరి ఇన్నేళ్ళూ ఒక్క మాట చెప్పలేదేంటక్కా?"

"నువ్వు నోట్లో మేకులు పెట్టుకుని, పళ్ళు కొరుక్కుంటూ ఆ రబ్బర్లు కొడుతుంటే ఎలా చెప్పమంటావురా?"

భార్య లేచి, పెరట్లోకి వెళ్ళి మిక్సీ పట్టుకొచ్చి వంటగదిలో పెట్టింది. మేస్త్రి చెయ్యి కడుక్కుని పటకారు తీసుకుని ఇంట్లోకి నడిచాడు. కుర్చీలన్నీ బోర్లించి, ఒక్కో కాలి రబ్బరు పీకుతూ కూర్చున్నాడు. తుప్పు పట్టిన మేకులు ఒకటొకటిగా ఊడి వచ్చాయి. పక్కన నిలబడి చూస్తున్న అక్క, అన్నీ అయ్యాక ఒక కుర్చీని తిప్పి నిలబెట్టి, గది ఆ చివరినుంచి ఈ చివరిదాకా కర్రుమని ఈడ్చుకొచ్చి, తమ్ముడి పక్కన వేసుకుని కూర్చుంది. ఆ మేకులన్నీ మేస్త్రి గుప్పిట్లోనే ఉన్నాయి.